నా బీపీ పోయిందని చెప్పాక

ముందు ఈ మాట చెప్పుకోకపోతే మిగతాదంతా అబద్ధంగా ఉంటుంది. పోయిన ఏడాది మట్టల ఆదివారం నాడు చర్చిలో అందరి ముందూ నిలబడి, నా బీపీ పోయింది, ఇక మాత్రలు మింగను అని సాక్ష్యం చెప్పింది నేనే. ఎవరూ చెప్పమనలేదు. నేనే లేచాను.

నేను అయిదో తరగతి దాకా చదివాను. ఉత్తరాలు తప్ప ఎప్పుడూ ఏమీ రాయలేదు. తెనాలిలో ఉన్న మా అమ్మాయి సునీత తప్పులు దిద్దుతానంది. తప్పులు దిద్దు గానీ ఏదీ తీసెయ్యొద్దని చెప్పాను. తీసేస్తే అది రాశానో లేదో నాకే గుర్తుండదు.

మా ఊరు రేపల్లె పక్కన నగరం అనే ఊరి దగ్గర. నేనూ మా తోడికోడలు కాంతమ్మా ఊళ్ళో బడిలో మధ్యాహ్నం భోజనం వండుతాం. అరవై మంది పిల్లలు. నాకు అరవై దాటాయి, కాంతమ్మ నాకన్నా నాలుగేళ్ళు చిన్నది. వేరు కాపురాలు పెట్టి చాలా ఏళ్ళయినా మా ఇళ్ళ మధ్య గోడ లేదు. మా అత్తని చివరి రోజుల్లో మేమిద్దరమే చూసుకున్నాం. ఆవిడకి మతి పోయింది. మొదట పొయ్యి మీద పెట్టింది మర్చిపోయేది. తర్వాత మా పేర్లు మర్చిపోయింది. ఆఖర్న అన్నం ముద్ద నోట్లో పెడితే దాన్ని ఏం చెయ్యాలో తెలియక మా మొహం వంక చూసేది. అది చూసిన దగ్గర్నుంచి నాకు చావంటే అంత భయం లేదు గానీ అట్లా అవడమంటే భయం. నేను రాసేదంతా ఆ భయం గురించే.

బీపీ ఉందని నాలుగేళ్ళ కిందట ఆసుపత్రి నుంచి ఊళ్ళోకి వచ్చే నర్సమ్మ చెప్పింది. నెలకోసారి బడి వరండాలో బల్ల వేసుకుని కూర్చుని అందరికీ చూస్తుంది, మాత్రలు ఇస్తుంది. రోజూ వేసుకునేదాన్ని. పోయిన ఏడాది శ్రమల దినాలు నలభై రోజులూ ఒంటిపూట ఉపవాసం ఉండి ప్రార్థన చేశాను. మధ్యలో నర్సమ్మ చేతికి పట్టీ చుట్టి చూసి, "ఇప్పుడు మామూలుగానే ఉంది పెద్దమ్మా. మాత్ర మాత్రం ఆపొద్దు," అంది. మొదటి మాట గట్టిగా పట్టుకున్నాను. రెండో మాట వినలేదు. మాత్ర వేసుకోబట్టే మామూలుగా ఉందని నాకు తట్టలేదు. మామూలుగా ఉందంటే జబ్బు పోయిందని అనుకున్నాను. పోయిందంటే దేవుడు తీసేశాడు. దేవుడు తీసేశాక ఇంకా మాత్రలు మింగడమంటే ఆయన్ని నమ్మనట్టు.

సాక్ష్యం చెప్పినప్పుడు మాత్రల అట్టలు పొయ్యిలో వేశానని కూడా చెప్పాను. నిజంగానే వేశాను. ఆడవాళ్ళు వచ్చి చేతులు పట్టుకున్నారు. కాంతమ్మ ఏడ్చింది. ఆ రోజు నేను చాలా సంతోషంగా ఉన్నాను, అది దాచను.

అప్పటి నుంచి నర్సమ్మ వరండాలో బల్ల వేసుకుంటే నేను బిందె తీసుకుని పంపు దగ్గరికి పోయేదాన్ని. సాక్ష్యం చెప్పి మళ్ళీ ఆ పట్టీకి చెయ్యి చాపితే చూసినవాళ్ళు ఏమనుకుంటారు? కాంతమ్మ కూడా ఇంకో బిందె తీసుకుని నా వెనకే వచ్చేది. తోడుకి వస్తుందనుకున్నాను.

వేసవి సెలవులయ్యి బడి తెరిచిన నెల. ఆ రోజు పప్పూ అన్నం, గుడ్డు. పిల్లలు బంతిలో కూర్చున్నారు. రెండో తరగతి పాప ఒక ముద్ద తిని నా వంక చూసింది.

"మామ్మా, పప్పు సముద్రం లాగుంది."

పక్కవాళ్ళు నవ్వారు. నేను కొంచెం నాలిక మీద వేసుకుని చూశాను. ఉప్పు రెండుసార్లు పడింది. వేసినట్టు గుర్తున్నది ఒక్కసారే. హెడ్మాస్టరు మేడమ్ వచ్చింది.

"దీనమ్మగారూ, ఏమైందండి ఇది?"

నేను నోరు తెరిచేలోపు కాంతమ్మ అంది, "నేనేనండి మేడమ్. అక్క ఏసింది చూసుకోకుండా నేను మళ్ళీ ఏశాను."

పిల్లలు ఆ పూట గుడ్డూ మజ్జిగతో తిన్నారు. గిన్నెలు తోముకుంటున్నప్పుడు కాంతమ్మని అడిగాను.

"నువ్వు ఉప్పు జోలికే రాలేదు గదే. ఎందుకట్టా చెప్పావు?"

"మరేం చెప్పమంటావు? నీ పేరు చెప్తే రేపు నిన్ను మానిపిస్తారు. నువ్వు మానేస్తే నేను ఎవరితో పోట్లాడుకోవాలి?"

"నా మీద జాలి పడుతున్నావా?"

"జాలా? నీ మీదా? పోయిన వారం ఇంతే చేశావు, పిల్లలు తినేలోపు నేనే నీళ్ళు పోసి సరిచేశా. నీకది కూడా గుర్తు లేదు."

నాకు నిజంగానే గుర్తు లేదు. గిన్నె నా చేతిలోనే ఉండిపోయింది.

మర్నాటి నుంచి తనే ఒక పద్ధతి పెట్టింది. ఉప్పు వేసినవాళ్ళు గరిటె బోర్లించాలి. గరిటె వెల్లకిలా ఉంటే ఉప్పు పడలేదని, బోర్లా ఉంటే పడిందని. అది బాగానే పనిచేసింది. కానీ గరిటె బోర్లా ఉండడం చూసి, నేను ఎప్పుడు బోర్లించానా అని నిలబడి ఆలోచించేదాన్ని. ఆలోచిస్తుంటే అన్నం అడుగంటేది. చర్చిలో చిన్నప్పటి నుంచి పాడే పాటల్లో రెండో చరణం దగ్గర నోరు ఆడించి ఊరుకునేదాన్ని. నలుగురిలో కూర్చుంటే ఎవరు ఏం అడుగుతారో అని స్త్రీల కూడికలకి వెళ్ళడం మానేశాను. ఇంట్లో గోడ వంక చూస్తూ కూర్చోవడం మొదలైంది. తర్వాత తెనాలిలో చూపించుకున్న డాక్టరమ్మ, అట్లా కూర్చోవడం ఇంకా చెరుపు అని చెప్పింది. అప్పుడు నాకు అదే హాయిగా ఉండేది.

మా ఆయన ఏసోబు చుట్ట కాల్చుకుంటూ, "వయసు వచ్చింది గదే. నాకు మాత్రం ఏం గుర్తుంటున్నాయి," అనేవాడు. ఆ మాటకి కాసేపు కుదుటపడేదాన్ని. మళ్ళీ మొదలు.

వానల్లో బాపట్ల వెళ్ళాను. మా చెల్లెలు అక్కడే ఉంటుంది. దాని పెళ్ళయినప్పటి నుంచి వెళ్తున్న ఇల్లే. బస్సు దిగాను, బస్టాండు బయటికి వచ్చాను, అక్కడ ఆగిపోయాను. ఎటు తిరగాలో తెలియలేదు. ఎడమ పక్కకి కొంచెం నడిచి వెనక్కి వచ్చాను. కుడి పక్కకి నడిచి వెనక్కి వచ్చాను. రోడ్డు తెలిసిన రోడ్డే, కొట్లు తెలిసినవే, కానీ వాటిలో ఏది దేని తర్వాత వస్తుందో తెలియడం లేదు. అందరూ ఎక్కడికో వెళ్తున్నారు. ఎవరినన్నా అడుగుదామంటే ఏమని అడగాలి? మా చెల్లెలి ఇల్లు ఎక్కడ అని అడుగుతారా ఎవరన్నా?

బండి మీద జామకాయలు అమ్మే ఆమె పిలిచింది.

"ఏంటి పిన్నీ, ఇందాకట్నించి ఇక్కడిక్కడే తిరుగుతున్నావు. ఎవరి కోసం?"

"ఎవరి కోసం కాదమ్మా. కళ్ళు తిరిగినాయి."

"అయితే కూర్చో ముందు."

తన స్టూలు నాకిచ్చి తను నిలబడింది. ఒక కాయ కోసి ఉప్పూ కారం వేయబోయి, నా మొహం చూసి, వేయకుండానే ఇచ్చింది. ఎవరింటికి, ఏ వీధి అని అడగలేదు. నా చేతిలో ఫోను చూసి, "దాన్లో మీవాళ్ళ నంబరు ఏదన్నా ఉంటే నొక్కిస్తా," అంది. చెల్లెలి పేరు చెప్పాను. పేరు పోలేదు. చెల్లెలు వచ్చేదాకా ఆమె నాతో జామకాయల సంగతులే మాట్లాడింది. కాయకి డబ్బులిస్తే తీసుకోలేదు. ఆమె పేరు అడగడం మర్చిపోయాను. ఇది మాత్రం మతిమరుపు కాదు, కంగారు.

చెల్లెలు ఆ సాయంత్రమే సునీతకి ఫోను చేసింది. నేను ఇంటికి చేరాక సునీత ఫోనులో మా ఆయన మీద గట్టిగా లేచింది. నేను పక్కనే ఉండి విన్నాను.

"ఇన్ని నెలల నుంచి వయసూ వయసూ అంటూ కూర్చున్నావా నాన్నా? నానమ్మకి కూడా ఇట్టాగే అన్నారు అందరూ."

ఆయన చుట్ట ఆరిపోతే మళ్ళీ వెలిగించుకోలేదు.

దసరా సెలవుల్లో రేపల్లెలో పాసింజరు రైలు ఎక్కి తెనాలి వెళ్ళాం. నరాల డాక్టరు దగ్గర కూర్చునే చోట జనం కిక్కిరిసి ఉన్నారు. పొద్దున వెళితే మధ్యాహ్నం దాటినా మమ్మల్ని పిలవలేదు. నా ఎదురుగా ఒక ముసలాయన, పక్కన కొడుకు. ముసలాయన అయిదు నిమిషాలకోసారి, "మన బస్సు వచ్చిందా?" అని అడుగుతున్నాడు. కొడుకు ప్రతిసారీ, "ఇంకా రాలేదు నాన్నా, వస్తే చెప్తాగా," అంటున్నాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. నేను ఆయన్ని చూడకుండా ఉండాలని తల తిప్పుకున్నాను. మళ్ళీ చూశాను. లేచి వెళ్ళిపోదాం అన్నాను సునీతతో. నా కొంగు తన చేతికి చుట్టుకుని కూర్చుంది.

లోపల మొదట ఒక కుర్ర డాక్టరు ప్రశ్నలు అడిగాడు. మూడు మాటలు చెప్పి గుర్తుంచుకోమన్నాడు. వందలోంచి ఏడు తీసెయ్యమన్నాడు, అందులోంచి మళ్ళీ ఏడు. రెండుసార్లు తీసి ఆగిపోయాను.

"ఏం పని చేస్తారు పెద్దమ్మా?" అని అడిగాడు.

"బడిలో వంటండి."

"అరవై మంది చిన్న పిల్లలొస్తే ఎన్ని బియ్యం పోస్తారు?"

"ఆరు కేజీలండి. నలుగురు రాకపోతే నాలుగు గుప్పిళ్ళు తీస్తాను."

నవ్వి రాసుకున్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ వెంటనే, ఇందాక చెప్పిన మూడు మాటలు చెప్పమన్నాడు. ఒకటే వచ్చింది.

పెద్ద డాక్టరు ఆడమనిషి. బీపీ ఉందా అని అడిగింది. సునీత నా వంక చూసింది. అది కూడా సాక్ష్యం సంగతి విన్నది, తగ్గిపోయిందనే అనుకుంటోంది. నర్సు పట్టీ చుట్టింది, చూసింది, మళ్ళీ విప్పి రెండో చేతికి చుట్టింది. అప్పుడు నోరు విప్పాను. మట్టల ఆదివారం దగ్గర్నుంచి అంతా చెప్పాను. సునీత మొహం చూడలేకపోయాను.

డాక్టరమ్మ తిట్టలేదు. స్కాను తీయించి, తెరమీద చూపించింది. చిన్న చిన్న మచ్చలు. "మెదడులో సన్నటి రక్తనాళాలు ఉంటాయమ్మా. బీపీ ఎక్కువుంటే అవి దెబ్బతింటాయి. ఒక్కొక్కటే మూసుకుపోతే బయటికి తెలియదు. మూతి వంకర పోదు, చెయ్యి పడిపోదు. మతి మాత్రం కొంచెం కొంచెం తగ్గుతుంది."

"మా అత్తకి కూడా అదేనా అండి?"

"ఆవిడ్ని నేను చూడలేదు, చెప్పలేను."

"నాది ఆగుద్దా?"

"ఆగుతుందని రాసివ్వలేను. పోయింది మొత్తం తిరిగి రాకపోవచ్చు. కానీ బీపీ అదుపులో పెట్టుకుంటే ఇంకా పోకుండా కాపాడుకునే దారి చాలావరకు నీ చేతిలోనే ఉంది."

ఇంకా చాలా చెప్పింది. ఉప్పు చేపా పచ్చళ్ళూ తగ్గించమంది. షుగరు కూడా అంచు మీద ఉందట. రోజూ నడవమంది. చెవులు చూపించుకోమంది, సరిగ్గా వినపడకపోయినా మతి మీద పడుతుందట. నలుగురిలోకి వెళ్ళి మాట్లాడమంది, పాడమంది. ఇంట్లో ఎవరన్నా పొగ తాగుతారా అని అడిగింది. ఊరొచ్చాక సునీత ఆ మాట మా ఆయనకి చెబితే, "నేను తాగితే దానికేంటి?" అన్నాడు. అన్నాడు గానీ మర్నాటి నుంచి కాలవ గట్టు మీదకి పోయి కాల్చుకుంటున్నాడు. మానలేదు. గట్టు మీద ఉన్నవాళ్ళకి ఏమవుతుందో నాకు తెలియదు.

మాత్రలు మళ్ళీ మొదలుపెట్టాను. బియ్యం డబ్బాలో దాచుకుని తలుపు దగ్గరికి వేసి మింగేదాన్ని. దొంగతనం చేసినట్టుండేది. సాక్ష్యం చెప్పినదాన్ని, ఏ మొహం పెట్టుకుని బయట చెప్పను? తెనాలి ఎందుకెళ్ళావని అడిగినవాళ్ళకి కళ్ళ డాక్టరు కోసమని చెప్పాను. కాంతమ్మకి కూడా అదే చెప్పాను.

సెలవులయ్యాక నర్సమ్మ వచ్చిన రోజు ఈసారి నేను పంపు దగ్గరికి పోలేదు. కాంతమ్మ ఒక్కతే బిందె తీసుకుని లేచింది.

"ఎక్కడికే? నువ్వు పోయి చూపించుకో. నీకూ బీపీ ఉంది గదా."

"నాకెందుకక్కా? నువ్వు మానేసిన వారానికే నేనూ మానేశాగా."

తన చేతిలో బిందె మీద చెయ్యి వేశాను.

"నీకు తీసేసిన దేవుడు నాకు తియ్యడా? అప్పుడప్పుడూ తల దిమ్ముగా ఉంటది, అంతే," అని వెళ్ళిపోయింది.

నా తల పాడైతే అది నా తప్పు. తన తల కూడా పాడైతే? ఆరు నెలలు దాటింది. నాలో పడ్డ మచ్చల్లాంటివి తనలో ఎన్ని పడ్డాయో. నాకు ఉప్పు గుర్తు చేసేది తను. తనకి ఎవరు గుర్తు చేస్తారు? ఆ రోజే చెప్పాల్సింది. చెప్పలేదు. మర్నాడు చెబుదామనుకున్నాను. బియ్యం కడుగుతూ అనుకున్నాను, కూరగాయలు తరుగుతూ అనుకున్నాను. పదకొండు రోజులు. నా తల మీద నమ్మకం లేక గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టుకున్నాను, చెప్పని రోజుకో గీత. పదకొండో రోజు తన చేతిలోంచి గంజి గిన్నె జారింది. పిల్లలు దూరంగా ఉన్నారు, ఎవరి మీదా పడలేదు. తను చెయ్యి వంక చూసుకుంటూ నిలబడింది.

అక్కడే చెప్పాను. మాత్రలు మళ్ళీ వేసుకుంటున్నానని, తలలో మచ్చలున్నాయని, కళ్ళ డాక్టరు అబద్ధమని.

"అంటే చర్చిలో చెప్పింది అబద్ధమా?"

"అబద్ధం కాదే. తెలియక చెప్పాను."

"తెలియకుండా దేవుడి పేరు చెప్తారా ఎవరన్నా? నేను ఏడిశాను గదక్కా ఆ రోజు."

"పద, నర్సమ్మ దగ్గరికి పోదాం."

"నీకు విశ్వాసం చాల్లేదు. నాకు చాలుద్ది. నా జోలికి రాకు."

నాలుగు రోజులు మాట్లాడలేదు. వంట మాత్రం కలిసే చేశాం. ఉప్పు వేసి గరిటె ఠక్కున బోర్లించేది, ఆ చప్పుడే తన మాట.

పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను. తిడతాడనుకున్నాను. విని తన మాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టాడు. "నేను రోజూ షుగరు మాత్ర వేసుకుంటానమ్మా. నువ్వు సాక్ష్యం చెప్పిన రోజు, డాక్టరు మానెయ్యమన్నాడా అని నేను అడగాల్సింది. జనం సంతోషం చూసి ఊరుకున్నాను. ఆదివారం నీతో పాటు నేనూ చెప్తాను," అన్నాడు.

ఆదివారం లేచాను. మట్టల ఆదివారం నాడు లేచిన కాళ్ళే, ఈసారి లేవడానికి చాలాసేపు పట్టింది. మాత్ర వల్ల తగ్గిన బీపీని పోయిందనుకున్నానని, నా మాట విని ఎవరన్నా మానేసి ఉంటే మళ్ళీ మొదలుపెట్టమని చెప్పాను. మధ్యలో ఒకచోట మాట మర్చిపోయి ఆగాను. ఎవరూ అందించలేదు. అదే వచ్చింది కాసేపటికి. చప్పట్లు లేవు. ముందు వరసలో ఒకామె తల తిప్పుకుంది. కాంతమ్మ ఆఖరి ప్రార్థన కాకముందే లేచి వెళ్ళిపోయింది. పాస్టరుగారు తన మాత్ర సంగతి చెప్పేసరికి కాంతమ్మ అక్కడ లేదు.

మంగళవారం పొద్దున్నే మా వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"రేపల్లె వస్తావా? ఒక్కదాన్నే పోవాలంటే నాకు ఇదిగా ఉంది."

వెళ్ళాం. పెద్దాసుపత్రిలో లైను వరండా చివరిదాకా ఉంది. తెనాలిలో నా బీపీ ఎంతుందో అంతకన్నా ఎక్కువే చూపించింది తనకి. బస్సులో నగరం దాకా మాత్రల అట్ట చేతిలో తిప్పుకుంటూ కూర్చుంది. దిగేటప్పుడు అంది.

"నేను నిన్ను నమ్మి మానేశా. ఇప్పుడు నిన్ను నమ్మి మొదలుపెట్టను. రోజూ నువ్వు నా కళ్ళ ముందు మింగు. అది చూసి నేను మింగుతా."

"నేను మర్చిపోతే?"

"అప్పుడు చూద్దాం."

అది మొదలు, రోజూ పొద్దున టీ తాగాక నా అట్ట తీసుకుని వాళ్ళ వాకిట్లోకి వెళ్తున్నాను. తను చూస్తుంటే నేను మింగుతాను, నేను చూస్తుంటే తను మింగుతుంది. వీధిలో పోయేవాళ్ళు చూస్తారు. ఇద్దరు ముగ్గురు మళ్ళీ నర్సమ్మ బల్ల దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ఒకామె మాత్రం ఇప్పటికీ నాతో మాట్లాడదు. మూడు నెలలకి తెనాలి వెళితే బీపీ దిగిందన్నారు. మూడు మాటల్లో రెండు చెప్పాను. డాక్టరమ్మ బాగుందంది. నాకు మాత్రం ఆ మూడో మాట ఏంటా అని దారంతా అదే ఆలోచన. కుదుటపడ్డానని రాయలేను. ఏది మర్చిపోయినా, ఇది అదేనా, మామూలుదేనా అని చేస్తున్న పని ఆపేస్తాను. ఇది చదివేవాళ్ళలో ఎవరన్నా బీపీ మామూలుగా ఉందని మాత్ర మానేసి ఉంటే, నన్ను చూసి వెళ్ళి అడగండి. అడిగితే పోయేదేమీ లేదు.

పోయిన వారం ఒక పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే కాంతమ్మ నీళ్ళ గ్లాసుతో వచ్చింది.

"ఏంటే, ఇటొచ్చావు?"

"నువ్వు రాలేదుగా."

"ఇప్పుడే గదే వచ్చి మింగి పోయింది."

"లేదక్కా."

నాకు గ్లాసు పట్టుకున్నట్టు, నీళ్ళు గొంతులో దిగినట్టు స్పష్టంగా గుర్తుంది. నన్ను ఆటపట్టిస్తుందనుకుని లోపలికి వెళ్ళి అట్ట తెచ్చాను. దాని మీద సునీత పెన్నుతో వారాల పేర్లు రాసింది. శుక్రవారం మాత్ర అట్లాగే ఉంది. ఆ రోజు శుక్రవారమా అని అడిగాను. అవునంది. చీపురు ఇంకా నా చేతిలోనే ఉంది.

కాంతమ్మ నవ్వలేదు, ఓదార్చలేదు. తన మాత్ర ముందు నోట్లో వేసుకుని నీళ్ళు తాగి, గ్లాసు నాకిచ్చింది. నేను మింగాను.

"నోరు తెరువు, చూస్తా," అంది.

తెరిచాను.